గాజు తలుపు అవతలి జోకు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు తీసే ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. పుట్టుకతోనే చెవుడు. చేతులతో మాట్లాడేది. ఆ చేతులకు వెటకారం ఎక్కువ. వినికిడి లేనివాళ్ల కోటాలో వచ్చిన ఉద్యోగం ఆమెది. ఐదేళ్లకోసారి డాక్టరు పరీక్షించి కాగితం ఇస్తేనే అది నిలుస్తుంది.

ఈసారి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. అతనికి వినపడుతుంది. అక్క చేతుల మాటల్ని నోటితో చెప్పడం చిన్నప్పటి నుంచీ అతని పనే. డాక్టరు మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి, ఇత్తడి గంట అందుకున్నాడు.

అప్పుడే గాజు తలుపు అవతల వరసలో ఉన్న ఇస్త్రీ అతను ఆమె కంటపడ్డాడు. అదే ఫ్యాక్టరీ, అతనికీ చెవుడే. వాళ్ల భాషలో మణికట్టు మీద రెండు వేళ్లు ఆనిస్తే డాక్టరు, అక్కడే వేలితో తడితే గడియారం. అతను లోపలి డాక్టరును కళ్లతో చూపించి, మణికట్టు మీద వేళ్లు ఆనించి, కంగారుగా టకటకా తట్టాడు. ఈయన నాడి పట్టేది రోగికి కాదు, గడియారానికి!

కాజాలక్క పగలబడి నవ్వింది. అదే క్షణాన వెనక గంట మోగింది. ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది?

"గంట కొట్టగానే నవ్వింది! ఎన్నాళ్ల నుంచి ఈ నాటకం?" అంటూ డాక్టరు కలం తీశాడు.

ఎందుకు నవ్వావని తమ్ముడు చేతులతో అడిగితే అక్క తలుపు అవతలికి చూపించింది. "నాటకం కాదు సార్. బయట ఎవరో జోకేశారు."

"ఏం జోకు? చెప్పండి."

అక్క చెప్పింది చూసి తమ్ముడు బెంబేలెత్తిపోయాడు. 'ఆయన మీద జోకు ఆయనకే చెప్పమంటావా అక్కా? కొంప మునుగుతుంది' అని చేతులతో బతిమాలాడు.

'చెప్పకపోతే మునిగేది నా కొంపే. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను.'

తమ్ముడు తడబడుతూ చెప్పాడు. నోటి మాటలో అది జోకులా లేదు, ఫిర్యాదులా ఉంది. డాక్టరు నుదురు ముడిపడింది. కాజాలక్క లేచింది. అడక్కుండానే ఆయన చెయ్యి అందుకుని నాడి మీద వేళ్లు ఆనించింది. ఆ వేళ్లతోనే గడియారం మీద తట్టి, ఆయన కళ్లలోకి చూసింది.

ఆయన నవ్వలేదు. గడియారం చూసుకోబోయి ఆగిపోయాడు.

"గోడ వైపు తిరిగి కూర్చోమనండి."

పెచ్చులూడిన గోడను చూస్తూ కూర్చుంది. వెనక ఏం జరుగుతోందో తెలియదు. ముక్కు దురదపెట్టింది. గోక్కుంటే విన్నదనుకుంటారేమోనని చేతులు తొడల కింద పెట్టుకుంది. ఎంతసేపటికో భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడింది. తమ్ముడు! చెమటతో తడిసిన మొహంలో నవ్వు. 'ఆరుసార్లు కొట్టారక్కా. నువ్వు కదల్లేదు.'

డాక్టరు సంతకం చేసి కాగితం ఇచ్చాడు. "మీ జోకులాయన్ని తలుపుకు దూరంగా నిలబడమనండి" అన్నాడు, తలెత్తకుండానే.

బయట ఇస్త్రీ అతను నవ్వుతూ ఎదురొచ్చి ఏమైందని అడిగాడు. అతన్ని నాలుగు దులిపేద్దామని ఆమె చేతులెత్తింది. వేళ్లు వణికిపోతున్నాయి, ఒక్క మాటా కుదరలేదు. అతను నవ్వు మానేశాడు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, వణుకు తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు.