బావ లాక్కున్న సంచీ

మా బావ పోయాడని మేనల్లుడు కొడల పక్క వాళ్ల ఊరి నుంచి ఫోను చేసినప్పుడు నేను బరంపురంలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. "మావయ్యా, నాన్న ఎలిపోనాడు. పొద్దున్న తోటకెల్లొచ్చి, కాళ్లు కడుక్కొని, మంచమ్మీద కూకున్నాడు. అలాగే వొరిగిపోనాడు" అన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాను. మళ్లీ తీసి, చదువుతున్న వార్త చివరిదాకా చదివాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

బస్సెక్కాక ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటే ఒక సంచీ కూడా గుర్తొచ్చింది. ఆ మనిషి మీద నాకు యాభై ఏళ్లకు పైబడిన కోపం ఒకటుంది. అది ఒక సంచీ గురించి. బడిపంతులుగా పనిచేసి, ఎందరో పిల్లలకు బుద్ధులు చెప్పినవాణ్ణి, ఇంత చిన్న విషయాన్ని కడుపులో పెట్టుకున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ ఆ సంగతి చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచి రాసినా అది అబద్ధమే అవుతుంది.

మా అక్కను కొడల దగ్గర పల్లెకిచ్చారు. బావకు వరిపొలం, కొబ్బరితోట, పంట కాపలాకి లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేవి. వేట మీద నిషేధం ఇంకా రాని రోజులవి. చలికాలంలో పర్మిట్ తీసుకుని, పొద్దున్నే కొండెక్కి, సాయంత్రానికి దిగిపోయేవాడు. దుప్పి దొరికితే ఊరంతా పంచేవాడు, దొరక్కపోతే కొండ మీద ఏ చెట్టు పూసిందో ఆ కబురు పంచేవాడు. ఆయన్ని ఎప్పుడు చూసినా భుజాల మీద తుండు ఉండేది. పొలంలో ఉన్నా, పీట మీద భోజనానికి కూర్చున్నా అది దిగేది కాదు. ఆయన అలవాటు అనుకున్నాను.

తుపాకీ గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆయన శ్రద్ధంతా సంచీ మీదే. పొద్దున నుంచి సాయంత్రం దాకా వీపు మీద ఉండేది అదే కదా. అందులో నీళ్ల సీసా, మరమరాలు, బెల్లం ముక్క, కత్తి, తాడు, పొడి చొక్కా పట్టాలి. బరంపురం బజారులో గుడ్డసంచీలు కుట్టే కొట్టుకి ఆయన సంచీ కొనడానికి వెళితే అదొక వేడుక. ఇంటి నుంచే ఆరు కిలోల బియ్యం మూట, చేతికర్ర పట్టుకెళ్లేవాడు. మూట సంచీలో వేసి వీపుకు తగిలించుకుని కొట్టు మెట్లు పదిసార్లు ఎక్కి దిగేవాడు. గొంతుక్కూర్చుని లేచేవాడు. చేతికర్రను తుపాకీలా కుడి భుజానికి ఆనించి, పట్టీ అడ్డొస్తుందా లేదా చూసేవాడు. చప్పుడు చేస్తుందేమోనని గెంతేవాడు. కొట్టువాడు ఒరియాలో, "సంచీ కొంటున్నారా, పెళ్లి సంబంధం చూస్తున్నారా" అని నవ్వేవాడు. "సంబందమైతే ఇంత సూడక్కర్లేదు" అని ఈయన కూడా ఒరియాలోనే జవాబిచ్చేవాడు.

ఇంత చూసి చివరికి ఒక్కటీ కొనేవాడు కాదు. పాత గోనెగుడ్డతో తనే కుట్టుకున్న సంచీతోనే తిరిగొచ్చేవాడు. దానికి మంచానికి అల్లే నవారే పట్టీలు, అరచేయంత వెడల్పు. నడుము దగ్గర ఇంకో నవారు ముక్క, ముందుకి తెచ్చి ముడేసుకోవడానికి. "బరువు బుజమ్మీద ఏలాడకూడదురా, నడుమ్మీద కూకోవాల" అనేవాడు. "సంచీ అద్దంలో సూసుకోడానికి కాదు. ఏసుకున్నాక మరిసిపోడానికి" అనేవాడు.

నాకు ఇరవై మూడేళ్లు, కొత్తగా ఉద్యోగం. మొదటిసారి నన్ను కొండకి తీసుకెళ్తానంటే, ఆయనకు చెప్పకుండా బజారుకెళ్లి మిలిటరీ రకం సంచీ ఒకటి కొన్నాను. ఆకుపచ్చ కాన్వాసు, ఇత్తడి బకిల్స్, బెల్టులాంటి సన్నటి తోలు పట్టీలు. ఖాళీ సంచీ తగిలించుకుని కొట్టులో అద్దం ముందు నిలబడ్డాను. ఎంత బాగున్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు కొండెక్కుతుంటే, సగం దారికే ఆ పట్టీలు భుజాల్లోకి దిగాయి. మెడ నరం పట్టేసింది. చెప్పడానికి నామోషీ. వాగు దగ్గర ఆగినప్పుడు పక్కకు తిరిగి మెడ నొక్కుకున్నాను. బావ మరమరాలు నములుతూ నా సంచీని తిప్పి తిప్పి చూశాడు.

"ఏటిరా, ఇత్తడి సామానుతో దిట్టంగున్నాది. ఇది నాను ఉంచుకుంటాను. నువ్వు నాది ఏసుకో."

"అది నాకోసం కొనుక్కున్నది బావా."

"అయితే ఏటి? ఇంటల్లుణ్ణి, మనసుపడ్డాను."

ఇంకేముంది. మా వైపు ఇంటల్లుడు మనసుపడ్డానంటే ఆ వస్తువు ఆయనదే. తిరిగి అడిగితే అక్కను చిన్నబుచ్చినట్టు. నోరు మూసుకుని, చెమట వాసనేస్తున్న ఆ గోనెసంచీ తగిలించుకున్నాను. సాయంత్రం దిగేటప్పుడు, దొరికిన దుప్పి మాంసం ఇద్దరం పంచుకుని మోశాం. నాకు నొప్పి తెలియలేదు. అలవాటైపోయిందనుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

తరువాత నాలుగైదు చలికాలాలు వేటకెళ్లాం. ఆపైన నిషేధం వచ్చింది. బావ తుపాకీ అప్పజెప్పేసి, "మంచిదే. దుప్పికీ సుకం, నాకూ సుకం" అన్నాడు. నా దగ్గర లాక్కున్న సంచీని మాత్రం వదల్లేదు. కూరగాయలు, కొబ్బరికాయలు అందులోనే వేసుకుని కొడల సంతకి నడిచేవాడు. నేనెప్పుడు వెళ్లినా దెప్పేవాణ్ణి.

"నా సంచీ ఎలాగుంది బావా?"

"బాగున్నాదిరా."

ఏళ్ల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. ఒకసారి అక్క దగ్గర కూడా అనేశాను, మీ ఆయనకు ఆశ ఎక్కువని. అక్క లేచింది. లోపలికెళ్లి అన్నం వడ్డించింది.

ఆయన పోయిన రోజు నేను వెళ్లేసరికి వాకిట్లో స్నానం చేయించడానికి బల్ల వేశారు. పెద్దవాణ్ణని నన్ను పిలిచారు. భుజాల మీది తుండు నేనే తీశాను. రెండు భుజాల మీదా వేలి వెడల్పున నల్లటి చారలు. చర్మం కాయలు కాసి గట్టిపడింది, మధ్యలో గుంట పడింది. నీళ్లు పోస్తే ఆ గుంటల్లో నిలిచాయి. సన్నటి తోలు పట్టీ వెడల్పు ఎంతో నాకు తెలుసు. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

అరుగు మీద కూర్చున్న అక్క చూసింది. "ఇప్పుడు సూసినావా? ఎన్నేళ్లు కొబ్బరినూని రాసినానో ఆ బుజాలకి."

"నచ్చి తీసుకున్నాడు కదా అక్కా" అన్నాను. ఆ మాట అంటుండగానే నాకు అర్థమైపోయింది.

"నచ్చడమేటిరా. నీ మెడ పట్టీసిందని వాగు కాడ సూసినాడంట. తప్పు సంచీ కొన్నావంటే నువ్వు సిన్నబోతావని నచ్చిందన్నాడు. నవారు పట్టీలు కుట్టించుకోమని నాను ఎన్నిమార్లు సెప్పినానో. 'కుట్టిస్తే ఆడికి తెలిసిపోద్ది, బాదపడతాడు, ఒగ్గీ' అనీవాడు. నీకు సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకున్నాడు."

నాకు క్షమించమని అడగడానికి ఎదురుగా మనిషి ఉన్నాడు. వినడానికి లేడు. ఆ భుజాలు నా చేతులతో తుడిచాను. అంతకంటే ఏం చేయగలను.

పదకొండో రోజు అయ్యాక అక్క ఆ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. కాన్వాసు వెలిసిపోయింది, ఇత్తడి నల్లబడింది. పట్టీలు మాత్రం అవే, సన్నగా, రాయిలా గట్టిగా. నేను లేచి వంటింట్లోంచి ఆరు కిలోల బియ్యం మూట కట్టి తెచ్చాను. సంచీలో వేసి, చొక్కా విప్పి, తగిలించుకున్నాను. కొట్టులో ఆ రోజు చేయాల్సిన పని అది. అరుగు మెట్లు ఎక్కాను, దిగాను. మూడోసారికే పట్టీలు కొరకడం మొదలుపెట్టాయి.

"సాల్లేరా. ఈ వయసులో నీకేటిది, దించీ" అంది అక్క.

పది సార్లూ ఎక్కి దిగాను. సంచీ తీశాక అద్దంలో చూసుకుంటే రెండు భుజాల మీదా ఎర్రటి చారలు, సరిగ్గా ఆయనకు ఉన్నచోటే. అక్క నూనె తెచ్చింది. వద్దన్నాను. అవి కొన్నాళ్లైనా ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్న లేచి చొక్కా విప్పి చూసుకున్నాను. భుజాలు మామూలుగా ఉన్నాయి. ఎక్కడా ఏ గుర్తూ లేదు.