తలకిందుల నిమ్మగడ్డి

కాంచనబురి ఊళ్ళో గోల్ఫ్ పోటీ మొదలై ఇరవై ఆరేళ్ళు. గెలిచినవాళ్ళ పేర్లన్నీ క్లబ్బు గోడమీది ఇత్తడి పలకకెక్కాయి. వాన రాకుండా కాసినామె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆమె ప్రనోమ్, ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీ. పెళ్ళికాని, మగవాణ్ణెరగని ఆడది నిమ్మగడ్డిని తలకిందులుగా, వేళ్ళు ఆకాశానికి పెట్టి నాటితే మబ్బు పక్కకు తప్పుకుంటుందని అక్కడివాళ్ళ నమ్మకం. మొదటి ఏడాది క్యాడీల్లో పెళ్ళికానిది ఆమె ఒక్కతే. నాటింది. ఎండ కాసింది. అంతే, ఆ పని మెడకు చుట్టుకుంది.

ఎండ కాస్తే ఘనత క్లబ్బుది. వాన పడితే అందరి కళ్ళూ ఆమె నడుం మీద. పదకొండో ఏడు మూడు రోజులు కుండపోత, పోటీ సగంలో ఆగిపోయింది. "ఎవడితో తిరిగిందో!" అని క్లబ్బు వంటింట్లో ఒకటే గుసగుసలు. ఆమెను చేసుకుంటానన్న అనేక్ అక్కడే గడ్డి కోసేవాడు. వాళ్ళమ్మ వచ్చి కొడుకును లాక్కుపోయింది. ప్రనోమ్ ఎవడితోనూ తిరగలేదు. మబ్బు సాక్ష్యం చెప్పాక మనిషి మాట ఎవరు వింటారు? మరుసటేడు మళ్ళీ ఆమెనే పిలిచారు, సిగ్గులేనివాళ్ళు. వేరే దిక్కులేక.

ఇప్పుడు ఆమెకు అరవై ఒకటి.

"నావల్ల కాదు ఖమ్రోన్," అంది క్యాడీల పెద్దతో.

"అదేంటి పిన్నీ, ఈ వయసులో ఎవణ్ణైనా కట్టుకున్నావా?"

"కట్టుకున్నా నీలాంటివాణ్ణి కట్టుకోనులే. మోకాళ్ళు అరిగిపోయాయిరా, వంగలేను."

దాంతో ఆ పని వంటింట్లో పచ్చిబొప్పాయి దంచే వన్‌దీ మీద పడింది. ముప్పైనాలుగేళ్ళది, వచ్చే నెల్లో పెళ్ళి. నవ్వుకుంటూ వెళ్ళి నాటొచ్చింది.

ఆఖరిరోజు మధ్యాహ్నం, ముందున్నవాళ్ళు పద్నాలుగో గుంట దగ్గరుండగా, నది వైపునుంచి నల్లగా కమ్ముకొచ్చింది. సైరన్ మోగింది. అందరూ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు.

"వన్‌దీకి పెళ్ళిదాకా ఆగబుద్ధి కాలేదేమో!" అన్నాడొకడు. ఘొల్లున నవ్వారు.

తువ్వాళ్ళు మడతపెడుతున్న వన్‌దీ కాబోయే అత్త నవ్వలేదు. చేతిలోది పక్కన పెట్టేసింది. అది ఎక్కడికి పోతుందో, అనేక్ తల్లిని చూసిన ప్రనోమ్‌కు తెలుసు.

"నోళ్ళు ముయ్యండి. ఆ గడ్డి నేనే పీకేశాను, పొద్దున్నే. నా చోట ఇంకొకతె నాటితే ఒళ్ళు మండింది."

ఖమ్రోన్ నెత్తి బాదుకున్నాడు. "ఏం కుళ్ళే పిన్నీ నీది! పోటీ మొత్తం ముంచావు కదే!"

"ముంచాను. ఏం, ఉరి తీస్తావా?"

వానలో తడుస్తూ వెళ్ళి చూసొచ్చేదెవరు? వన్‌దీ మాత్రం ఆ పొద్దున పది గంటలకు అటే వెళ్ళొచ్చింది. గడ్డి అప్పటికీ నాటింది నాటినట్టే ఉంది. ఏదో చెప్పబోయింది.

"నోరు తెరిచావంటే రోకలితో కొడతా. పోయి అన్నం చూసుకో," అని గద్దించింది ప్రనోమ్.

అత్త మళ్ళీ తువ్వాలు చేతిలోకి తీసుకుంది. "అసూయ మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చూశావా అమ్మాయ్," అంది కాబోయే కోడలితో.

బెంచీ మీద ప్రనోమ్ పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయారు. బెంచీ మొత్తం ఖాళీ అయింది. ఆమె రెండు కాళ్ళూ పైకెత్తి బారుగా చాపుకుంది.