ఎలుగుబంటికి నా గొంతు

తాండూరులో ఇంట్లోనే కూర్చుని, అనంతగిరి ప్రదర్శనశాలలోని బొమ్మలను కంప్యూటర్‌తో నడిపించడం నా ఉద్యోగం. ముక్కు నొక్కితే మాట్లాడే ఎలుగుబంటికి నా గొంతే పెట్టాను. "ఈ యాస వింటే జనం నవ్వుతారమ్మా" అని మేనేజరు దాన్ని తీసేయించాడు. నాకు కడుపు మండిపోయింది.

ప్రారంభోత్సవం రోజు అంతా కెమెరాలో చూస్తున్నాను. ముఖ్య అతిథి ముందు మేనేజరు దర్జాగా ఎలుగుబంటి ముక్కు నొక్కాడు. నేనిక్కడ నా పాత రికార్డింగ్ వదిలాను.

"జర నిమ్మలంగ ఒత్తు సారూ, ముక్కు నొస్తది!"

అక్కడున్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. మేనేజరు మొహం మాడిపోయింది. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. అంతలో ముఖ్య అతిథి, "మస్తుగుంది, గిదే ఉంచుండ్రి" అన్నారు.

ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ ఆ ముక్కు నొక్కి చూపించేది మేనేజరే. నేను రోజూ తెర మీద ఆయన మొహమే చూస్తుంటాను. జనం నవ్వుతారని ఆయన ముందే చెప్పాడుగా!