చెడ్డీ మీది ముక్కోణం

ఆ రోజుల్లో మగవాడికి కడుపునొప్పి వస్తే ఊరంతా సలహా చెప్పేది. బొడ్డుకు జానెడు కింద ఏదైనా వస్తే మాత్రం వాడికి తోడెవరూ ఉండరు. నేను లక్సెట్టిపేట దవాఖానలో నిలబడ్డ పొద్దున ఆ గదిలో ఉన్నవారూ, ఉన్నవీ ఇవి: ఒక ముసలి డాక్టరు, ఒక కంపౌండరు, మోకాళ్ల దాకానే దిగిన ఒక తెర, తెర అవతల బెంచీ మీద మా అక్క మొగుడైన బావ, చెవులు రిక్కించిన ఇద్దరు రైతులు, ఇవతల ప్యాంటు గుండీల మీద చెయ్యి పెట్టుకుని నేను.

అప్పుడు నేను కొత్త ఓవర్సీరును. నెల దాటితే సుల్తానాబాద్ అమ్మాయితో పెళ్లి. చెప్పుకోరాని చోట దురద, ఎర్రటి పొక్కులు. నేను ఏ తప్పూ చేయలేదు (చేయాలన్నా అంత ధైర్యం లేదు). కారణం తేల్చాలని ఒక్కొక్కటీ మార్చి చూశాను. సైకిలు మానేశాను, కాళ్లు నొప్పి పుట్టాయి. వంకాయ మానేశాను, మెస్సు వంటాయనకు కోపమొచ్చింది. "వేడి చేసింది బామ్మర్దీ, సబ్జా నీళ్లు తాగు" అన్నాడు బావ. తాగాను. దురద మాత్రం కదల్లేదు.

"గీ రోగంతోని ఆ పిల్ల మెడల పుస్తె ఎట్ల కడ్త? సంబంధం వద్దని చెప్పు బావా" అన్నాను చివరికి.

"నోర్ముయ్. డాక్టరు చెప్పినంక ఏడ్వు" అని ఈడ్చుకొచ్చాడు.

"ఎప్పుడన్న తగ్గుతదా?" అడిగాడు డాక్టరు.

"ఆదివారం తగ్గుతది సార్."

ఆయన కళ్లజోడు పైకి జరిపాడు. "రోగానికి సుట్టీ ఉంటదా బేటా? ఆదివారం ఏం చేస్తవ్?"

"తలకు పోసుకొని, లుంగీ కట్టుకొని పండుకుంట."

"లోపల చెడ్డీ?"

"...ఉండది సార్."

తెర అవతల ఒక రైతు దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

డాక్టరు నన్ను పరీక్షించి, చెడ్డీ అడిగి తీసుకుని తిరగేశాడు. లోపలి వైపు, ముందు భాగాన, నల్లటి ముక్కోణం, నడుమ చుక్క. నా ఒంటి మీద అదే చోట అదే ఆకారంలో పొక్కులు.

"గిదేంది?"

అది మేం సర్వే పటాల మీద వేసే గుర్తు. మెస్సులో బట్టలు కలిసిపోయి నాకు రెండుసార్లు ఇంకెవరివో చెడ్డీలు వచ్చాయి. చాకలి తాత అందరికీ అంచు మీద జీడిగింజ రసంతో చిన్న చుక్క పెట్టేవాడు. నాకది చాలదనిపించింది. బొమ్మ గీసిచ్చి, ఆరేసినప్పుడు ఎవరికీ కనబడకుండా లోపలి వైపు పెద్దగా వేయమన్నాను. "నీ చెడ్డీ ఎవడెత్కపోతడు సారూ?" అని నవ్వాడు తాత. అయినా వేశాడు.

"జీడి రసం తగిల్తే తోలు పొక్కుతది. నువ్వు జాగ జూసి మరీ తగిలిచ్చుకున్నవ్" అన్నాడు డాక్టరు. "నీకు రోగం లేదు, తెలివే జర ఎక్కువైంది."

"లగ్గం పత్రికలు అచ్చుకియ్యాల్నా మరి?" అని తెర అవతలి నుంచి బావ కేకేశాడు. రైతులిద్దరూ "ఇయ్యిండ్రి, ఇయ్యిండ్రి" అన్నారు.

సైకిలునూ, వంకాయనూ, వేడినీ అనుమానించి, తన చేత్తో గీసిన బొమ్మను మాత్రం అనుమానించని ఆ పడుచువాణ్ణి తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. మాకు పిల్లలు నలుగురు.