మావయ్య ప్రైవేట్ నంబరు

మా మావగారు బంగార్రాజు రైల్వేలో ముప్ఫై రెండేళ్ళు గేట్‌మన్‌గా చేశారు. చివరి పదేళ్ళూ మేముంటున్న ఈ హిందీ ఊళ్ళోనే, కోటా వైపు గేటు దగ్గర డ్యూటీ. రైలు వదిలే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసేవారు. ఈయన గేటు వేసి, తాళం పెట్టి, అప్పుడు రైల్వేవాళ్ళిచ్చిన నంబర్ల కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. అది చెవిన పడితేగానీ మాస్టరు సిగ్నల్ ఇవ్వరు. చెప్పిన నంబరుని కాగితంలో వెంటనే కొట్టేయాలి. కాగితం ఇంకొకరి కంట పడకూడదు. మా అత్తగారు క్యారేజీ పట్టుకెళ్తే ముందు కాగితం బోర్లించి, తర్వాత అన్నం ముట్టేవారట. కట్టుకున్న పెళ్ళాన్నే నమ్మని మనిషని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

రిటైరయ్యాక ఆయన ఇక్కడి రాజ్‌కిశోర్ నగర్‌లో నా ఆన్‌లైన్ షాపు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. ఫారాలు నింపడం, సర్టిఫికెట్లు తీయడం, ఫొటోల సైజు తగ్గించడం నా పని. నా చెయ్యి చురుకు, ఆ మాట దాచుకోను. పక్క షాపువాడు ఒక ఫారం నింపేలోపు నేను మూడు నింపేస్తాను. కిటుకంతా కాపీ, పేస్టు. జనం పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపుతారు, నేను కాపీ చేసి గడిలో దించుతాను. కాపీ చేసినవన్నీ వరసగా దాచిపెట్టే క్లిప్‌బోర్డ్ హిస్టరీ కూడా నేనే ఆన్ చేసుకున్నాను.

"పనైపోనాక దాన్ని కొట్టీసినావేటి?" అని మావయ్య అడిగేవారు. "ఇది మీ గేటు కాగితం కాదు మావయ్యా" అని విసుక్కునేదాన్ని. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకునేదాన్ని.

మొన్న జూన్‌లో తేజస్వి అనే కాలేజీ పిల్ల తన ఫారం తనే నింపుకుంటానంటే నా సీటు ఇచ్చాను. మెయిల్ అడ్రస్ కాపీ చేశాననుకుని పేస్ట్ నొక్కింది. గడిలో ఇంకేదో పడింది.

"ఆంటీ, యే క్యా హై? ఎవరిదో పాస్‌వర్డ్‌లా ఉంది" అంది.

అది సీపత్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేసే రమణబాబుది. గంట కిందటే అతని పని చేసి పంపాను. మావయ్య లేచి వచ్చి, ఆ పిల్లని సాయంత్రం రమ్మని చెప్పి, షట్టర్ సగం దించారు.

హిస్టరీ తెరిచాను. పొద్దుటినుంచి కాపీ చేసిన పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య మావయ్య పింఛను సైటు పాస్‌వర్డ్ కూడా ఉంది. పొద్దున్నే నా చెవిలో చెప్పారు. రెండుసార్లు కొట్టడం ఎందుకని నోట్‌ప్యాడ్‌లో కొట్టి కాపీ చేశాను. అత్తగారికి కాగితం చూపించని మనిషి నన్ను నమ్మి చెప్పిన మాట అది. సిగ్గుతో నాకు తలెత్త బుద్ధి కాలేదు.

"ఇది మన పెట్టిలోనే ఉందా, బయటోడికీ కనపడతాదా?" అని అడిగారు.

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. బ్రౌజర్ సెట్టింగులు వెతికాను. ఫొటోని యాభై కేబీకి తగ్గించే ఒక ఉచిత సైటు, మీ క్లిప్‌బోర్డ్ చూడనిస్తారా అని ఎప్పుడో అడిగితే, చదవకుండా 'అలో' బటన్ నొక్కేశాను. ఆ పేజీ తెర మీద ఉన్నంతసేపూ, అప్పుడు కాపీలో ఉన్నదాన్ని అది చదవగలదు. చదివిందో లేదో తేలే దారి లేదు. అనుమతి తీసేశాను, హిస్టరీ తుడిచి ఆపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

"ఎవరికీ తెలీదు కదా, ఊరుకుందాం మావయ్యా. తెలిస్తే ఇంక షాపుకి ఎవరొస్తారు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఒకపాలి గేటు ఎయ్యకముందే నంబరు సెప్పీసినాను. పట్టాల మీద ట్రాక్టరుంది. రైలొచ్చేలోపు దాటిపోనాది. ఎవుడూ సూడనేదు. నానే మాస్టరుకి ఫోన్ సేసి సెప్పినాను. శిక్ష పడ్డాది. అచ్ఛా, ఆ తర్వాత మాస్టరు నా నంబరుని ఒక్కనాడూ అనుమానించనేదు. ఫోన్ తియ్యి బానూ."

పదకొండు మందికి చేశాను. జరిగింది చెప్పి, పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోమన్నాను. చాలామంది సరేనన్నారు. రమణబాబు మాత్రం నోటికొచ్చినట్టు తిట్టి, ఇంక నీ గుమ్మం తొక్కనన్నాడు. ఇప్పటికీ తొక్కలేదు. పాస్‌వర్డ్ మాత్రం మార్చుకున్నాడు, నాకు కావలసింది అదే.

మర్నాడు భయంభయంగానే షట్టర్ ఎత్తాను. ఇకనుంచి ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళే కొట్టుకోవాలని వచ్చినవాళ్ళందరికీ గట్టిగా చెప్పాను. తన పింఛను సైటు పాస్‌వర్డ్ మార్చుకోడానికి అందరికంటే ముందు మావయ్యే కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"బానూ, ఇలా రా. కొత్తది సెప్తాను, నువ్వే కొట్టు" అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "నాకు చెప్పకండి మావయ్యా. మీరే కొట్టండి" అని కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పావుగంట కొట్టారు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. పక్క షాపు ఖాళీగానే ఉంది. ఒక్కరూ అటు కదల్లేదు.