మిషను చప్పుడు మెసేజి

బట్టలు కుట్టే ఆవిడకి నోరెక్కువని వీధంతా చెప్పుకుంటారు గానీ, ఫోనులో మాత్రం ఆవిడ మాట్లాడేది తక్కువ. పొద్దున్నే వేరే ఊళ్లో ఉన్న అక్కకి ఫోను కలిపి, దాన్ని కుట్టుమిషను పక్కన నిలబెట్టి, తన పని తను చేసుకునేది. అవతల అక్క వంట చేసుకునేది. ఎప్పుడో ఒక మాట దొర్లేది, లేకపోతే అదీ లేదు.

ఈసారి నెల బిల్లు చూసి కూతురు గుడ్లు తేలేసింది.

"మాటల్లేని ఫోనుకి ఇంత డబ్బు తగలేస్తున్నావా అమ్మా?"

ఆ కనెక్షను తీయించేసి, గంటలకొద్దీ ఫోను కలిపి ఉంచడం కుదరని చవక ప్రీపెయిడ్ సిమ్ వేయించింది. పెద్దమ్మకి ఏదైనా చెప్పాలంటే వాయిస్ మెసేజి పెట్టుకోమంది.

"చెప్పడానికేముంది, నా మొహం" అని ఆవిడ విసుక్కుంది.

మర్నాడు రికార్డింగు నొక్కితే నిజంగానే నోట మాట రాలేదు. ఒళ్లు మండి, దాన్ని అలాగే వదిలేసి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మధ్యలో ఓసారి ఆగి, మళ్లీ తొక్కి, గౌను అంచు పూర్తయ్యాక ఆ చప్పుడంతా అక్కకి పంపేసింది. పంపాక సిగ్గేసింది.

సాయంత్రం జవాబు వచ్చింది. చాలాసేపు కూరలు తరుగుతున్న చప్పుడు, కుక్కరు కూతలు. చివర్న అక్క గొంతు.

"మధ్యలో సూది విరిగినట్టుందే. వేలికి గుచ్చుకోలేదు కదా?"

"నీకన్నీ అనుమానాలే. ఏం గుచ్చుకోలేదు" అని కసిరి, గుడ్డపీలిక చుట్టిన వేలితోనే ఆ మెసేజి పంపింది.