నేను ఉప్పని తేల్చిన బోరు

నా పరువు ఒకసారి రెండువందల అడుగుల లోతున్న బోరులో పడిపోయింది. ఇన్నేళ్లయినా పూర్తిగా పైకి రాలేదు. ఎలా పడిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం అది గుర్తొస్తే చాలు, గదిలో ఒక్కణ్ణే ఉన్నా చెవులు వేడెక్కి తల దానంతటదే కిందికి వంగిపోతుంది.

విశాఖలో స్టీల్ ప్లాంటుకు నేల చదును చేస్తున్న రోజులవి. భూములిచ్చిన కుటుంబాలకు గాజువాక అవతల కొత్త కాలనీ కట్టారు. ఇళ్లున్నాయి, వీధులున్నాయి, నీళ్లు లేవు. ఆడవాళ్లు మైలు దూరం నడిచి బిందెలు మోసుకొచ్చేవాళ్లు. అప్పటికి రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ ఉప్పునీళ్లే పడ్డాయి. ఇది మూడోది, ఆఖరుది. ఇదీ ఉప్పయితే బోరు తవ్వే రిగ్గు లారీ తగరపువలస వెళ్లిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. నీళ్లు మంచివో కావో తేల్చి రమ్మని మా ఆఫీసువాళ్లు పంపిన మహానుభావుణ్ణి నేనే.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూభౌతికశాస్త్రం చదివి, ఆ చదువంతా మొహం మీద కనబడేలా తిరిగేవాణ్ణి. పెద్దవాళ్ల వెంట కాకుండా నన్నొక్కణ్ణే పంపడం అదే మొదలు. అంతటి సందర్భానికి కొత్త బెల్‌బాటమ్ ప్యాంటు లేకపోతే ఎలా? టైలరు రెండు రోజులు ఆలస్యం చేశాడు, నేనూ రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాను. ఆ రెండు రోజులూ కాస్త గుర్తుపెట్టుకోండి.

రిగ్గు నడిపే అప్పలరాజు నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. నమస్కారం పెట్టి, "బాబూ, బోరు గురించి ఒక్కమాట సెప్పాలండి" అన్నాడు.

"ముందు నేను చెప్పేది వినవయ్యా" అన్నాను. అవును, "వినవయ్యా" అనే అన్నాను.

పెట్టెలోంచి మనిషి పొడవున్న కడ్డీని తీసి చూపించాను. దానికి మధ్యలో ఒక ఎలక్ట్రోడు, పైన ఒకటి, కింద ఒకటి. దాన్ని కేబుల్‌కు కట్టి బోరులోకి దింపి కరెంటు పంపితే, లోపలి రాయి కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో పైన కాగితం మీద గీత పడుతుంది. గట్టిరాయి బాగా అడ్డుపడుతుంది. మంచినీళ్లున్న పగుళ్ల దగ్గర ఆ అడ్డు కొంత తగ్గుతుంది. ఉప్పునీళ్లయితే దాదాపు అడ్డే ఉండదు.

"మరి మూడెందుకండి? ఒకటి సాలదా?" అన్నాడు అప్పలరాజు, మర్యాదకి.

"ఒక్కటే ఉంటే కరెంటు రాతిలోకి దూరకుండా బోరులోని నీళ్ల వెంబడి పైకీ కిందికీ జారిపోతుంది. సందుకు రెండు చివర్లా ఇద్దరు పోలీసులు నిలబడ్డారనుకో, మధ్యలో ఉన్నవాడు ఎటు పోతాడు?"

"ఎదురింట్లోకి దూరతాడండి."

"అదీ! ఎదురిల్లంటే రాయి. పైదీ కిందదీ పోలీసులు."

అప్పలరాజు బుర్ర గోక్కున్నాడు. "బాగుందండి. మరి అక్కడ ఇల్లు కాకుండా ఇనపగోడుంటే ఏటవుద్దండి?"

"సిద్ధాంతం అర్థం కానివాళ్లే ఇలాంటి ప్రశ్నలు వేస్తారు" అన్నాను.

ఈలోగా రిగ్గువాళ్లకు వంట చేసే సన్నమ్మ టీ తెచ్చింది. అద్భుతంగా ఉంది. "ఇంత మంచి టీ టౌన్లో కూడా తాగలేదమ్మా" అని మెచ్చుకుని ఇంకోటి తాగాను. కేబుల్ కట్టేలోగా మూడోదీ తాగాను. తాడు కట్టిన హద్దు అవతల పాతికమంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి నన్నే చూస్తున్నారు. సారు చూసి చెప్పేదాకా ఒక్క చుక్క పట్టడానికి వీల్లేదని వాళ్లకు ఆర్డరు. అన్ని కళ్లు నా మీదుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

అప్పలరాజు మళ్లీ దగ్గరికొచ్చాడు. "బాబూ, గొట్టం సంగతండి..."

"పైమట్టి కూలకుండా మూతి దగ్గర ఇరవై అడుగుల ఇనుప గొట్టం ప్రతి బోరుకీ ఉంటుంది. అదీ తెలీకుండానే వచ్చాననుకున్నావా?"

ఆయన వెళ్లి సామాన్ల పెట్టె మీద కూర్చుని, చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూడసాగాడు.

కడ్డీని అడుగు దాకా దింపి, మెల్లగా పైకి లాగించాను. కాగితం మీద గీత కింది నుంచి పై దాకా స్కేలు పెట్టి గీసినట్టు సున్నా మీదే నిలబడింది. బుర్రన్నవాడెవడైనా అక్కడే ఆగి, భూమిలో ఇంత నున్నటి గీత ఎక్కడిదని తనను తాను అడగాలి. సముద్రంలో దింపినా కాస్తయినా వణుకుతుంది, ఆ గీత గీసే ముల్లు. నేను అడగలేదు. కాగితం చింపి, గొంతు సవరించుకుని, పాతికమందికీ వినబడేలా ప్రకటించాను.

"ఉప్పు! అడుగు నుంచి మూతి దాకా సముద్రమే!"

ముందు వరసలో ఉన్న ముసలామె, "ఇదీ ఉప్పేనా బాబూ?" అంది.

"ఇదీ ఉప్పేనమ్మా. సైన్సు అబద్ధం చెప్పదు."

ఆమె బిందెను నేల మీద బోర్లించి దాని పక్కనే కూర్చుండిపోయింది. అప్పుడైనా నా మనసు చివుక్కుమందా అంటే, లేదు. నా మొదటి రిపోర్టు ఎంత గంభీరంగా రాయాలా అని ఆలోచిస్తున్నాను. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"రిగ్గు దింపేయండి" అని నేను హుకుం జారీ చేస్తుండగా సన్నమ్మ నాలుగో గ్లాసు పట్టుకొచ్చింది.

"ఏటి బాబూ, అందరూ అలగున్నారు?"

"బోరు ఉప్పమ్మా. ఒక్క చుక్క నోట్లో పెట్టలేం."

"ఏ బోరు?"

"ఇదే."

సన్నమ్మ బోరు వైపు చూసింది, గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. "అదేటి బాబూ! పొద్దున్నించి నాను కాసిన టీ ఈ బోరు నీళ్లే కదా! మూడు గళాసులు తాగి బాగుందన్నావు!"

బిందెలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగినట్టనిపించింది. అప్పలరాజు పెట్టె మీంచి తాపీగా లేచొచ్చాడు.

"ఇప్పుడు సెప్పమంటారా బాబూ, ఆ ఒక్కమాట?"

"చెప్పండి" అన్నాను. "అయ్యా" పోయి "అండి" దానంతటదే వచ్చేసింది.

"మీరు రెండ్రోజులు రాలేదండి. లోపల గోడలు కూలిపోతన్నాయి. బోరు పూడిపోద్దని అడుగుదాకా ఇనప గొట్టం దించీసినాం. నీళ్లు రాడానికి కింద సిల్లుల గొట్టం ఏసినాం. నీళ్లు పైకి కొట్టి తాగి సూత్తే కొబ్బరినీళ్లలాగున్నాయి. మీరు కొలిసింది రాయిని కాదండి, మా గొట్టాన్ని."

నా పోలీసులిద్దరూ డ్యూటీ సక్రమంగానే చేశారు. ఇనుము కరెంటుకు అడ్డుపడదన్న పరమ రహస్యాన్ని నేను స్టీల్ సిటీలో కనిపెట్టాను. అంతే జరిగింది.

తాడు దాటి ఆ ఆడవాళ్ల దగ్గరికెళ్లి, తప్పు నాదేననీ, నీళ్లు మంచివేననీ చెప్పాను. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ ముసలామె, "పోన్లే నాయనా, నీళ్లు పడ్డాయి, అదే పదివేలు" అని, మొదటి బిందె నిండగానే ఒక గ్లాసు ముంచి నాకే ఇచ్చింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

కొన్నేళ్లకు ఆటోనగర్‌లో పనుండి వెళుతూ ఆ కాలనీలో ఆగాను. ఒక ఇల్లాలు బిందె పట్టుకుంటోంది. ఏమీ ఎరగనట్టు, "ఈ నీళ్లు ఎలా ఉంటాయమ్మా?" అని అడిగాను.

"అమృతమండి. పేరే పాడు పేరు."

"ఏం పేరు?"

"ఉప్పుబాబు బోరండి. ఎవులో బాబు గోనెసంచుల్లాటి ప్యాంటేసుకొచ్చి ఉప్పని సెప్పీసినాడంట. నాను కాపురానికొచ్చిన కొత్తలో ఆ పేరు ఇని నెల్రోజులు ఇక్కడ బిందెట్టలేదండి, మైలు దూరం పోయి తెచ్చుకున్నాను."

నేను చేసిన తప్పు ఆ రోజే సర్దుకుందనుకున్నాను. అది ఈమె కంటే ముందే అక్కడ కాపురం పెట్టి, ఇంకో ఆడమనిషి చేత నెల్రోజులు నీళ్లు మోయించింది.

కాబట్టి ఆ బోరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ బోరు దగ్గరికెళ్లినా ముందు నోరు మూసుకుని అక్కడివాళ్ల ఒక్కమాట వింటాను. తర్వాత నోరు తెరిచి ఆ నీళ్లు తాగుతాను. ఆ పైనే కడ్డీ దింపుతాను. బెల్‌బాటమ్ మాత్రం, మళ్లీ ఫ్యాషనొచ్చినా సరే, ఈ జన్మకి కుట్టించను.